సంతనాటి సూది

నర్సు చేతికి గాజులుండకూడదని మాకు శిక్షణలో మొదట్లోనే చెప్పారు. మోచేతి కింద ఏదీ ఉండొద్దు, సబ్బుతో చేతులు కడుక్కోవడానికి అడ్డం వస్తాయి అని. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ మాట పాటించాను. పెళ్లిళ్లకు పోతే చుట్టాలు నా బోసి చేతుల వంక చూసి ఏదో గొణుక్కునేవాళ్లు. నేను పట్టించుకునేదాన్ని కాదు. కానీ కోస్గి దవాఖానాకు బదిలీ మీద వచ్చిన కొత్తలో, షుగరు పరీక్షకు వేలు చాపిన ఒకామె నా మణికట్టునే చూస్తూ, "నీది రెండు ఆరు సైజు సిస్టరమ్మ. నొప్పి తెల్వకుండ తొడుగుత, ఎప్పుడంటవో చెప్పు" అంది. వేలికి సూది గుచ్చబోతున్నది నేను. నొప్పి తెలియకుండా చేస్తానని మాటిస్తున్నది ఆమె. మా పరిచయం అలా మొదలైంది.

ఊళ్లో అందరూ ఆమెను గాజుల ఆపా, అంటే గాజులక్క అనేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచాను. యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాడు, కొడుకు మేస్త్రీ పని చేస్తాడు, కోడలు ఇల్లు చూసుకుంటుంది. ఆపా వారానికోసారి సంతలో చాప పరుచుకుని గాజుల పెట్టెలు పెట్టుకుని కూర్చుంటుంది. పెళ్లిళ్లుంటే ఇళ్లకే పోయి తొడుగుతుంది. మట్టిగాజు తొడగడం మీరనుకున్నంత తేలిక పని కాదు. అవతలి మనిషి చేతిని అరచేతిలోకి తీసుకుని, బొటనవేలి మొదలు నొక్కి, చేతిని సన్నగా మడిచి, గాజు పగలకుండా ఎక్కించాలి. అంతా వేళ్ల బలమే. ఆ వేళ్లు పోతే ఆమెకు బతుకుదెరువు లేదు.

ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న నర్సు పిల్లలు నా దగ్గరకు వచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పమంటుంటారు. పాముకాట్లో, కష్టమైన కాన్పులో చెప్తానని ఎదురుచూస్తారు. అవీ ఉన్నాయి. కానీ నాకు మొదట గుర్తొచ్చేది గాజుల ఆపా చక్కెరే.

తెలంగాణ వచ్చాక కొన్నేళ్లకు, ముప్పై దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగరు చూడాలని మా మీద పని పడింది. కార్డులు రాయడం, నెలనెలా గోలీలు ఇవ్వడం, రాని వాళ్లను ఫోన్ చేసి పిలిపించడం. మాకు ఒక చిన్న వయసు డాక్టరు గారు వచ్చారు. మంచివాడు, పని రాక్షసుడు. కానీ ఓపిక తక్కువ. గోలీలు వేసుకుంటున్నా షుగరు తగ్గని మనిషి కనిపిస్తే తనను వ్యక్తిగతంగా మోసం చేసినట్టు బాధపడిపోయేవాడు. గాజుల ఆపా అలాంటి మనిషే. ప్రతి నెలా నాలుగు వందల దగ్గర ఉండేది. గోలీలు పెంచాడు, రకం మార్చాడు. మళ్లీ అంతే. చివరికి ఆమె కార్డు మీద ప్రతిసారీ ఒకే ముక్క రాసేవాడు: ఆహార నియమం పాటించడం లేదు.

"అల్లా మీద ఒట్టు సారూ, మిఠాయి ముట్టక నాలుగేండ్లయింది" అనేది ఆమె.

ఆయన తలెత్తకుండా తర్వాతి కార్డు అందుకునేవాడు. మా ల్యాబ్ టెక్నీషియన్‌కు వెటకారం ఎక్కువ. ఆమె అటు పోగానే, "ఒట్టు తియ్యగనే ఉంది మేడం, రిపోర్ట్ ఇంకా తియ్యగుంది" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఎందుకంటే అనుమానానికి ఆధారం ఎదురుగానే కనబడేది. ఆమె ముఖం ఏడాదికేడాది గుండ్రంగా, నిండుగా తయారైంది, బుగ్గలు ఎర్రబడ్డాయి. తినకుండా ఎవరైనా అట్లా అవుతారా? వాడకట్టు వాళ్లు కూడా ఆపా మంచిగ ఒళ్లు చేసిందని మెచ్చుకునేవాళ్లట. ఇంట్లో కోడలైతే చక్కెర డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ సంగతి కోడలే గర్వంగా మాకు చెప్పింది, ఆపా పక్కనుండగానే. ఆపా నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. తినడం తప్పో కాదో పక్కన పెట్టండి, యాభై ఏళ్ల మనిషిని తన ఇంట్లోనే దొంగను చేయడం చూడలేకపోయాను.

చేతుల నొప్పులని కూడా చెప్పేది. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవని, చాయ్ గ్లాసు పట్టుకోవాలంటే ముందు వేడినీళ్లలో చేతులు పెట్టుకోవాలని. దానికి మా దగ్గర తయారుగా ఒక జవాబుండేది: నీళ్ల నొప్పులు. నేను అంతకుముందు నల్గొండ వైపు, కేతేపల్లి చుట్టుపక్కల చాలా ఏళ్లు చేసొచ్చాను. అక్కడ మోకాలు నొచ్చినా, నడుము పట్టినా, మెడ తిరగకపోయినా ఫ్లోరైడ్ అనేస్తాం. నిజంగా ఆ నీళ్లు ఎన్నో బతుకుల్ని వంచేశాయి కాబట్టి ఆ మాటకు తిరుగు లేదు. అదొక్కటీ అన్నామంటే చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ పని అయిపోయేది, ఇంకో ప్రశ్న ఉండేది కాదు. ఇంటింటికీ నల్లా వచ్చి మంచి నీళ్లు తాగుతున్నాక కూడా మా నోటికి ఆ అలవాటు పోలేదు. ఆపా నొప్పులకూ అదే ముద్ర వేశాం. నెలనెలా ఆమె చెయ్యి మా చేతుల్లోకి వస్తూనే ఉంది. మేం వేలి కొస తప్ప మిగతా చెయ్యి చూసింది లేదు.

మా షుగరు క్లినిక్ సంత మర్నాడు ఉండేది. ఊళ్ల నుంచి సంతకొచ్చి చుట్టాల ఇళ్లలో ఆగిపోయిన వాళ్లు మర్నాడు చూపించుకుని పోతారని అలా పెట్టారు. ఒక నెల ఏదో పండుగ సెలవు అడ్డం వచ్చి, క్లినిక్‌ను సంత ముందు రోజుకు జరిపారు. ఆపా కోడలిని పట్టుకుని వచ్చింది. నడక చూస్తేనే తెలుస్తోంది బాధ. వేలు చాపమంటే పూర్తిగా చాపలేకపోయింది. కణుపులు ఉబ్బి, ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. రెండు చేతులూ ఒకే తీరుగా. పరీక్ష చేస్తే షుగరు ఎప్పుడూ వచ్చే దాంట్లో సగమే ఉంది.

మిషన్ పాడైందేమోనని టెక్నీషియన్ తన వేలే గుచ్చుకుని చూశాడు. మిషన్ బాగానే ఉంది. ఇన్నేళ్లూ సంత మర్నాడు వచ్చేది ఈమె, చేతులు బాగానే ఆడేవి, షుగరు ఆకాశంలో ఉండేది. ఇవాళ సంత ముందు రోజు వచ్చింది, చేతులు రావడం లేదు, షుగరు దిగింది. అయితే సంతలో ఏదో జరుగుతోంది. అక్కడే మిఠాయి కొట్టు పక్కన కూర్చుంటుందేమో అన్నాడు టెక్నీషియన్. నేను ఆపాను పక్కకు కూర్చోబెట్టి, సంతనాడు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తావో వరుసగా చెప్పమన్నాను.

ఆమె తాపీగా చెప్పుకొచ్చింది. పెట్టెలు ఆటోలో ఎక్కించుకోవడం, జాగా పట్టుకోవడం, డాక్టర్ సాబ్ దగ్గర సూది వేయించుకోవడం, చాప పరుచుకోవడం. డాక్టర్ సాబ్ అంటే డాక్టరు కాదు, సంతల వెంట బ్యాగు పట్టుకుని తిరిగే వైద్యుడు. చదువు లేకపోయినా హస్తవాసి మంచిదని పేరు. సూది ఏంటని అడిగాను.

"చేతులు ఇడుస్తయి సిస్టరమ్మ. పడ్డంక జర సేపటికే ఏండ్ల కింది లెక్క ఆడుతయి. లేకుంటే గాజులెట్ల తొడగాలె? నడుమ రోజులకు చిన్న గోలీలిస్తడు, పొద్దుగాల ఒకటి."

ఎన్నాళ్లుగా అని అడిగితే గుర్తులేనంత కాలం నుంచి అంది. మరి మందులు ఇంకేమైనా వాడుతున్నావా అని మేం నెలనెలా అడుగుతూనే ఉన్నాం కదా, ఎందుకు చెప్పలేదు అన్నాను. ఆమె నా వంక అమాయకంగా చూసింది.

"గది సంత ఖర్చు గద. ఆటో కిరాయి, జాగా కిరాయి, సూది. గవన్ని దవాఖానల చెప్తరా?"

ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. ఆమె ఏదీ దాచలేదు. ఆమె దృష్టిలో రోగం వేరు, సంత వేరు. కూలికి పోయే వాళ్లు, హమాలీలు, సంతలో కూర్చునే వాళ్లు ఎందరికో ఆ సూది పనిముట్టు లాంటిది. కొడవలికి పదును పెట్టించుకున్నట్టు సూది వేయించుకుని పనిలోకి దిగుతారు. దాన్ని మందుల్లో కలిపి చెప్పాలని వాళ్లకు తట్టదు. మనకేమో అలా అడగాలని తట్టదు.

కోడలు కొంగు ముడిలోంచి పొట్లం విప్పి చూపించింది. తెల్లటి చిన్న గోలీలు. డాక్టరు గారు చూడగానే గుర్తుపట్టాడు. స్టెరాయిడ్. సూదిలో ఉండేదీ అదే, నొప్పిని అణుస్తుంది కానీ ముఖాన్ని ఉబ్బించి చక్కెరను పెంచుతుంది. ఆ గుండ్రటి ముఖం, ఎర్ర బుగ్గలు, గోలీలకు లొంగని చక్కెర, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. సాయంత్రం ఆయన, నేను కలిసి ఆ సంత వైద్యుడిని వెతుక్కుంటూ పోయాం. భయపడతాడనుకున్నాను, భయపడలేదు. నేను నొప్పికి ఇస్తున్న సార్, చక్కెరకు గాదు అన్నాడు. అతనికీ అవి రెండు వేరు వేరు ఖాతాలే. అతన్ని తిట్టడం సులువే. కానీ మా దవాఖానాలో మాత్రం షుగరుది ఒక గది, నొప్పులది ఒక గది కాదా? ఒక గదిలో చెప్పింది ఇంకో గదిలో ఎవరు విన్నారు?

అయితే అతని దగ్గరకు పోయే ముందే, పొద్దున క్లినిక్‌లోనే డాక్టరు గారు ఆపాతో ఒక మాట అనేశాడు. కోపంలో అన్నాడు, మేలు కోరే అన్నాడు. ఇవాళ్టి నుంచి సూది లేదు, ఆ గోలీ ఒక్కటి కూడా ముట్టొద్దు, అవి విషం అని. ఆమె తల ఊపింది. రేపటి సంత ఎట్లా అని అడగబోయి, ఆయన ముఖం చూసి ఊరుకుంది. షుగరు గోలీలు మాత్రం తప్పకుండా వేసుకోమని నేను కవర్లో పెట్టి ఇచ్చాను.

కొన్ని రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఓపీ ముగించుకుని అన్నం డబ్బాలు విప్పుతున్నాం. ఆటో వచ్చి ఆగింది. కొడుకు ఆపాను రెండు చేతుల మీద ఎత్తుకుని తెచ్చాడు. రెండు రోజులుగా వాంతులు, తల ఎత్తలేకపోతోంది అని కోడలు ఏడుస్తూ చెప్పింది. బీపీ చూస్తే నా చెవులకు సరిగా వినపడటం లేదు. ఒళ్లు చల్లగా, చెమటలు. షుగరు చూశాం. ఈసారి మరీ తక్కువ.

గ్లూకోజు ఎక్కించాం, సెలైన్ పెట్టాం. ఎండలో సంతకు పోయిందేమో, వడదెబ్బేమో అన్నారొకరు. ఏదైనా పాడైన తిండి తిన్నదేమో అన్నారు. చూడండి, అప్పుడు కూడా తిండి మాటే వచ్చింది. సెలైన్ సీసా అయిపోవస్తున్నా బీపీ లేవడం లేదు. డాక్టరు గారు మంచం పక్కన నిలబడి ఆమె గుండ్రటి ముఖాన్నే చూస్తూ ఉన్నాడు. ఉన్నట్టుండి కోడలి వైపు తిరిగి, ఆ చిన్న గోలీలు మళ్లీ ఎప్పుడు వేసుకుంది అని అడిగాడు.

"ఏడ ఏసుకుంటది సారూ, మీరు వద్దన్నరు గద. గా దినమే ఇంటికి పోంగనే మోరిల పారబోసింది. సూది గూడ ఏపిచ్చుకోలే. చేతులు రాక సంతకే పోలే."

ఆయన ముఖంలో రంగు పోయింది. మీకు తెలిసే ఉంటుంది, ఏళ్ల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒళ్లు తనంతట తాను తయారు చేసుకోవడం మానేస్తుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ, చక్కెర పడిపోయి మనిషి కుప్పకూలుతుంది. మెల్లగా, మెట్టు మెట్టుగా దింపాలి. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. వద్దంటే ఈమె వింటుందని ఆయన అనుకోలేదు, అంతే. ఎప్పుడూ మాట వినని మనిషికి చెప్పినట్టే చెప్పాడు, గట్టిగా, సగమైనా వింటుందిలే అని. ఆమె మొత్తం విన్నది. మేం ఇన్నాళ్లూ అనుకున్నట్టు ఆమె దొంగచాటు మనిషే అయ్యుంటే ఆ గోలీలు రెండు దాచుకుని వేసుకునేది, హాయిగా ఉండేది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి కాబట్టే చావు దాకా వచ్చింది.

అత్యవసర మందుల ట్రేలో ఆయాసం కేసులకు వాడే హైడ్రోకార్టిసోన్ ఉంటుంది. అదీ స్టెరాయిడే. ఏది విషం అన్నాడో దాన్నే ఆయన అడిగాడు, నేను సిరంజిలోకి తీశాను. మందు నరంలోకి పోయాక నేను బీపీ పట్టీ విప్పకుండా అలాగే ఉంచి, మాటిమాటికీ చూస్తూ కూర్చున్నాను. మా అన్నం డబ్బాలు మూతలు తీసినవి తీసినట్టే ఉన్నాయి. నాకు వచ్చిన ప్రార్థన నేను లోపల చేసుకున్నాను, కోడలు తనకు వచ్చింది బయటికే చేసింది. ఎండ తగ్గే వేళకు నా చెవికి టక్ టక్ మని చప్పుడు స్పష్టంగా అందింది. టెక్నీషియన్ కిటికీ దగ్గరకు పోయి అటు తిరిగి నిలబడ్డాడు. వెటకారాలాడే మనిషి కళ్లు తుడుచుకోవడం నేను చూడనట్టే ఉన్నాను.

ఆపా కళ్లు తెరిచి ముందు కోడలిని చూసింది, తర్వాత డాక్టరును చూసింది. గోలీ ముట్టలేదు సారూ అంది మెల్లగా. ఆయన స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"తెలుసమ్మా" అన్నాడు. "నువ్వు చెప్పింది ఎప్పుడూ నిజమే. తప్పు నాది."

ఒక డాక్టరు రోగికి ఆ మాట చెప్పడం నా సర్వీసులో నేను అంతకుముందు వినలేదు. ఆపాకు సరిగా అర్థమైనట్టు లేదు. అర్థమైంది కోడలికి. ఆ పిల్ల మొలకు వేలాడుతున్న బీరువా తాళం చెవిని గుప్పిట్లో మూసుకుని తలవంచుకుంది.

అంబులెన్సులో మహబూబ్‌నగర్ పంపించాం, అక్కడి నుంచి హైదరాబాద్‌లో కీళ్ల డాక్టరు దగ్గరకు. నీళ్ల నొప్పులు కావని, కీళ్లవాతం అని తేలింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు చూడండి, అది. దానికి అసలు మందు వేరే ఉంది, వారానికి ఒక్కసారి వేసుకునేది. ఆపా దాన్ని సంత రోజుకే పెట్టుకుంది, మరిచిపోకుండా. స్టెరాయిడ్‌ను నెలల మీద మెల్లగా దించారు. చక్కెర పూర్తిగా పోలేదు, అది పోయేది కాదు. కానీ మాట వినడం మొదలుపెట్టింది.

తర్వాత ఒక రోజు చాయ్ తాగుతూ డాక్టరు గారు మా అందరికీ విడమరిచి చెప్పాడు. కీళ్లలో వాపు రగులుతూ ఉంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పని చేయదు. నొప్పి భయంతో మనిషి కదలకుండా కూర్చుంటే చక్కెర ఇంకా పెరుగుతుంది. ఆ నొప్పికి వాడే స్టెరాయిడ్ మంటలో నూనె పోస్తుంది. ఇటు వైపు నుంచి చూస్తే, చక్కెర ఏళ్ల తరబడి అదుపు తప్పితే వేళ్లు బిగుసుకుంటాయి, భుజం పట్టేస్తుంది. కీళ్లు, చక్కెర ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ ఉంటాయి. మాకు చదువులో ఈ రెండూ వేర్వేరు పాఠాలు, వేర్వేరు పరీక్షలు. మధ్యలో ఆపా లాంటి వాళ్లు నలిగిపోతారని ఎవరూ చెప్పలేదు. ఆ వారం నుంచి మా క్లినిక్‌లో మూడు పనులు మారాయి. షుగరు మనిషి వస్తే చేతులు రెండూ బల్ల మీద పెట్టించి చూడటం, మందులేం వాడుతున్నావని కాక నిన్నటి నుంచి ఏమేం చేశావో చెప్పమనడం, స్టెరాయిడ్ దొరికితే కోప్పడకుండా దాన్ని ఎట్లా దించాలో ముందు ఆలోచించడం. ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు, మేమే మొదలుపెట్టాం.

కొన్నాళ్లకు నా రిటైర్మెంటు వచ్చింది. ఓపీ హాల్లో కుర్చీలు వేసి, నాకు శాలువా కప్పి, లడ్డూలు, మిక్చరు పంచుతున్నారు. డాక్టరు గారు నా గురించి రెండు మంచి మాటలు, నాలుగు అబద్ధాలు చెప్తుండగా ఆపా పెట్టె చంకన పెట్టుకుని లోపలికొచ్చింది. ముఖం సన్నబడింది. కుడి చేతి వేళ్లు రెండు వంకర పోయాయి, అవి ఇక తిరిగి రావు. నేరుగా నా కుర్చీ ముందుకొచ్చి నేల మీద కూర్చుని, చెయ్యి ఇటియ్యి అంది. ఇంక డ్యూటీ లేదు గద, ఇప్పుడన్న తొడిగిచ్చుకో అంది.

ఎర్ర మట్టిగాజులు. నా చెయ్యి ఆమె అరచేతిలోకి పోయింది. బొటనవేలి మొదట ఆమె నొక్కు పడగానే నాకు కళ్లు చెమర్చాయి. ఎన్ని వందల చేతుల పట్టు చూసి ఉంటాను నేను, ఆ నొక్కులో బలం నాకు తెలియదా? వంకర వేళ్లు పక్కకు తప్పుకుంటే మిగతావి పని చేశాయి. ఒక్క గాజు పగల్లేదు, నిజంగానే నొప్పి తెలియలేదు.

అప్పుడే టెక్నీషియన్ లడ్డూల పళ్లెంతో అటు వచ్చాడు. ఆపాను చూసి తడబడి, పళ్లెం వెనక్కి తీసుకోబోయాడు. ఆమె ఆగమంది. ఒక లడ్డూ తీసుకుని, అందులోంచి చిటికెడు తుంచి, మిగతాది పక్కనున్న కోడలి చేతిలో పెట్టింది. హాల్లో అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె డాక్టరు గారి కళ్లల్లోకి చూస్తూ ఆ చిటికెడు నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి మింగింది.

"ఇగో, గిప్పుడు తిన్న సారూ" అంది. "రాసుకోండ్రి."